కిటికీలో నిద్రపోయిన ఖాతాదారు

మొన్న సిడ్నీ మెట్రోలో మా చెల్లెలి మనవరాలు నా పక్కన కూర్చుని, సోమవారం నుంచి బ్యాంకులో చేరుతున్నానని చెప్పింది. "అమ్మమ్మా, నువ్వు ఫైనాన్స్‌లో అన్నేళ్ళు చేశావు కదా, వాట్ షుడ్ ఐ రీడ్?" అని అడిగింది. ఒక తెలుగు సీరియల్ చదవాలి, కానీ అది ఇప్పుడు ఎక్కడా దొరకదు అన్నాను. "ఓకే" అని ఇయర్‌ఫోన్ పెట్టేసుకుంది. మా స్టేషన్ రౌస్ హిల్ వచ్చేదాకా ఇద్దరం కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. దిగేటప్పుడు అనిపించింది, సగం చెప్పి ఊరుకున్నానని. మిగతా సగం ఇది. తనకి తెలుగు చదవడం రాదు, ఎవరో ఒకరు చదివి వినిపించకపోరు.

1988లో సిడ్నీ పడమటి వైపు, పర్రమట్టా దాటాక వచ్చే ఒక చిన్న బజారు వీధిలో నాకు ఉద్యోగం దొరికింది. అది బ్యాంకు కాదు. బిల్డింగ్ సొసైటీ అనేవారు. జనం దాచుకున్న డబ్బు తీసుకుని, మళ్ళీ జనానికే ఇళ్ళు కొనుక్కోవడానికి దీర్ఘకాలపు అప్పుగా ఇచ్చే సంస్థ. ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క రొట్టెల దుకాణం, మధ్యలో మా బ్రాంచి. వీధిలోకి ఒక పెద్ద అద్దాల కిటికీ. దాని కింద ఖాతాదారుల కోసం రెండు కుర్చీలు.

మేం ముగ్గురమే. మేనేజరు యాభై దాటిన మనిషి, ఆదివారాలు క్రికెట్ అంపైరింగ్ చేసేవాడు. ఆఫీసులో కూడా అలాగే, ఏదైనా అడిగితే ముందు చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు ఆలోచించి, అప్పుడు వేలెత్తేవాడు, లేదా తల అడ్డంగా ఊపేవాడు. హెడ్ టెల్లరు, అంటే పెద్ద క్యాషియరు, గ్రీకు దేశం నుంచి చిన్నప్పుడు వచ్చినావిడ. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, మేనేజరంటే భయం బొత్తిగా లేదు. మూడోదాన్ని నేను. నా దగ్గర ఒక అలవాటు ఉండేది, ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషులో ఎంత మాట్లాడినా, నోట్లు మాత్రం తెలుగులోనే లెక్కపెడతాను. అంకెలు వేరే భాషలో నా వేళ్ళకి అందవు.

ఆ లెక్క వల్లే ఆంటీ పరిచయమైంది. ఒక పొద్దున నైట్ డ్యూటీ యూనిఫాంలో కౌంటర్ దగ్గర నిలబడినావిడ, నా గొణుగుడు విని, "ముప్పై రెండు తర్వాత ఆగిపోయావేంటమ్మాయ్? ఏ ఊరు మీది?" అంది. ఆవిడది కాకినాడ. హాస్పిటల్లో నర్సులకి సాయం చేసే పని. గిరావీన్‌లో అద్దెకుండేది, మా బ్రాంచికి ట్రైన్లో దగ్గరే. ఆదివారం చర్చి, మిగతా రాత్రులన్నీ డ్యూటీ. భర్త పోయి చాలా ఏళ్ళు. ఒక సొంతిల్లు కొనుక్కుని, అందులో తన పేర ఒక తలుపుండాలని ఆవిడ కోరిక. ఇల్లు అనేది కాదు, తలుపు అనేది. "మా సొసైటీలో వెయ్యండి ఆంటీ, బ్యాంకు కంటే కొంచెం ఎక్కువ వడ్డీ వస్తుంది" అని చెప్పింది నేనే.

కాకినాడలో ఆవిడ చెల్లెలు వారపత్రికలు కట్ట కట్టి ఓడ టపాలో పంపేది. అవి చేరేసరికి మూడు నెలలు. ఆంటీ చదివి నాకు ఇచ్చేది. ఆ పత్రికలకి ఒక వాసన ఉండేది, పాత కాగితం, ఉప్పుగాలి, కాస్త తారు. పేజీ తిప్పితే ఏ సముద్రం మీదో ఒక సరుకు ఓడ నెమ్మదిగా కదులుతున్నట్టుండేది. అందులో ఒక సీరియల్ వచ్చేది. రేవు ఊళ్ళో చీటీలు నడిపే ఒకావిడ కథ.

ఒక సోమవారం పొద్దున బ్రాంచి తెరవకముందు టీ తాగుతూ నేను అది చదువుతుంటే, మేనేజరు నా భుజం మీదుగా చూసి, "ఆ గుండ్రటి అక్షరాల్లో ఏం జరుగుతోంది?" అన్నాడు. చెప్పాను. ఆ రోజు నుంచి అది మా ఆఫీసు ఆచారమైపోయింది. సోమవారం టీ దగ్గర ఒక్కో భాగం నేను ఇంగ్లీషులో చెప్పాలి, వాళ్ళిద్దరూ వినాలి. ఆంటీ కట్ట ఆలస్యమైతే వాళ్ళు నా మీద విసుక్కునేవాళ్ళు.

చీటీ అంటే ఏమిటో ముందు చెప్పాల్సి వచ్చింది. ఇరవై మంది నెలనెలా ఇంత అని కడతారు. పోగైన మొత్తాన్ని ప్రతినెలా ఒకరు పాడుకుంటారు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళు ఎక్కువ వదులుకుని తీసుకుంటారు. వదులుకున్నది మిగతావాళ్ళకి లాభం. నడిపే మనిషికి కొంత.

"తాకట్టు ఏమిటి?" అన్నాడు మేనేజరు.

"ఏమీ లేదు."

"మరి జనం ఏం చూసి కడతారు?"

"రోజూ సాయంత్రం ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంటుంది. అది చూసి."

మేనేజరు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. గ్రీకావిడ మాత్రం, "మా చర్చి ఆడవాళ్ళదీ అంతే. ఎవరు కనబడకపోతే వాళ్ళ మీదే అనుమానం" అంది.

మీరు ఇప్పుడు చదివే పుస్తకాల్లో రిస్కు గురించి చాలా ఉంటుంది. నాకు మాత్రం ఆ చీటీలావిడే నేర్పింది. ఒక భాగంలో, వడ్డీ ఎంత అని అడగని వాడికి ఆవిడ డబ్బివ్వదు. తీర్చాలనుకున్నవాడు అడుగుతాడు, అడగనివాడు తీర్చాలనుకోలేదు అంటుంది. అప్పట్లో మా దగ్గర ఇంటి అప్పుల వడ్డీ పదిహేడు శాతం. మెరిసే బూట్లతో ఒకాయన వచ్చి, కాగితాలన్నీ నింపి, వడ్డీ మాటే ఎత్తకుండా చెయ్యి కలిపి వెళ్ళాడు. నేను మేనేజరుతో అన్నాను, చీటీలావిడైతే ఇవ్వదని. నవ్వాడు. మధ్యాహ్నం ఎందుకో నాలుగు ఫోన్లు చేశాడు. ఆ బూట్లాయన అదే వారంలో ఇంకో మూడు చోట్ల అప్పుకి కూర్చున్నాడు. ఆ తర్వాత మేనేజరు సోమవారం టీకి ఆలస్యంగా రావడం మానేశాడు.

ఇక 1990 చలికాలం. తేదీ నా డైరీలో ఉంది కానీ ఇక్కడ రాయను. అప్పటి ఖాతాదారుల పిల్లలు ఇంకా ఆ వీధిలోనే ఉన్నారు.

వేరే రాష్ట్రంలో మాలాంటిదే ఒక సంస్థ తలుపులు మూసిందని రేడియోలో చెప్పారు. మాకూ దానికీ సంబంధం లేదు. మేమిచ్చిన అప్పులన్నీ ఇళ్ళ మీదే, ఇళ్ళన్నీ నిలబడే ఉన్నాయి. కానీ జనం డబ్బు ఇళ్ళ గోడల్లో ఉంటుంది, సొరుగులో ఉండదు. అందరూ ఒకే రోజు వచ్చి అడిగితే ఎంత నికార్సైన సంస్థ దగ్గరైనా అంత నగదు ఉండదు. ఈ ఒక్క సంగతి అర్థం చేసుకుంటే మీకు ఈ వృత్తిలో సగం తెలిసినట్టే.

ఇంకో చిన్న సంగతి కూడా జరిగింది. ఈ దేశంలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు. చలికాలంలో కిందికి వాలి, నేరుగా మా కిటికీలోంచి వచ్చి కౌంటర్ మీద పడుకునేవాడు. కళ్ళు చెదిరి కంప్యూటర్ మీద అంకెలు కనబడేవి కావు. ఆ వారమే కొత్తగా పట్టీల తెర వేయించారు. ఎండ పడకుండా గ్రీకావిడ దాన్ని పొద్దున్నే దించేసేది. లోపల మాకు హాయిగా, నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. నేల మీద సన్నని వెలుగు చారలు మెల్లగా జరిగేవి. బయటివాళ్ళకి మాత్రం, రేడియోలో ఆ వార్త వచ్చిన వారంలోనే మేం కిటికీ మూసుకున్నట్టు కనబడింది. మూడు రోజులు అలా ఉంది. మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

శుక్రవారం పొద్దున నేను వచ్చేసరికి రొట్టెల దుకాణం దాటి మలుపు దాకా క్యూ. ఎవరూ అరవడం లేదు. చేతుల్లో పాస్‌బుక్కులు. వాళ్ళ నోట్లోంచి ఆవిర్లు. నాకు దారి ఇచ్చి లోపలికి పంపారు, గుడ్ మార్నింగ్ కూడా చెప్పారు. దానికే నాకు భయమేసింది.

లోపల మేనేజరు ఫోన్ పెట్టేసి నిలబడి ఉన్నాడు. హెడ్డాఫీసు చెప్పిందట, మనిషికి రెండు వేల డాలర్లకి మించి నగదు ఇవ్వొద్దు, మిగతాది చెక్కు రాయండి, ఐదుగురి చొప్పున లోపలికి వదలండి, డబ్బు పోవడం బయటికి కనబడకుండా తెర దించే ఉంచండి. నగదు వ్యాను రెండు గంటలకి వస్తుందట. సొరుగులన్నీ కలిపితే మా దగ్గరున్నది ముప్పై ఎనిమిది వేలు. క్యూలో ఉన్నవాళ్ళకి అది చాలదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. ఎప్పటిలాగే కెటిల్ పెట్టాం. ముగ్గురం కప్పులు పట్టుకుని నిలబడ్డాం. మేనేజరు మాట మేం కాదనలేం, హెడ్డాఫీసు మాట ఆయన కాదనలేడు.

కాసేపటికి గ్రీకావిడ నా వైపు తిరిగి, "ఇంతకీ ఆవిడ ఏం చేసింది?" అంది.

ఎవరి గురించో ముగ్గురికీ తెలుసు. నేను చెప్పిన చివరి భాగంలో చీటీలావిడకి జ్వరం వస్తుంది. రెండు సాయంత్రాలు అరుగు మీద కూర్చోదు. ఊళ్ళో గుసగుస మొదలై, మూడో పొద్దుటికి ఇంటి ముందు జనం. ఆవిడ లేచి వచ్చి తలుపు గడియ మీద చెయ్యి వేస్తుంది. అక్కడ ఆపేశారు.

"తర్వాతి సంచిక ఇంకా రాలేదు" అన్నాను.

"తియ్యకూడదు," అన్నాడు మేనేజరు. "ఆమె దగ్గర డబ్బు లేదు. ఎవరో ఒకరు తెచ్చేదాకా తలుపేసుకుని ఉండాలి. కథల్లో ఎవరో ఒకరు తెస్తారు."

"కథల్లో," అంది గ్రీకావిడ.

"డబ్బు లేకుండా బయటికొచ్చి ఏం చేస్తుంది?"

"డబ్బు లేదని వాళ్ళకి తెలీదుగా. మూసిన తలుపొక్కటే తెలుసు."

"జ్వరంతో ఉంది."

"జ్వరంతోనే కూర్చోమను. దుప్పటి కప్పుకుని కూర్చోమను."

వాళ్ళిద్దరి గొంతులూ పెరిగాయి. మా సొసైటీ గురించి అయితే గ్రీకావిడ కూడా ఆయన్ని అంత మాట అనేది కాదు, ఆయన పడేవాడూ కాదు. సముద్రానికి అవతల, కాగితం మీద, ఒక ఆడమనిషి చెయ్యి గడియ మీద ఉంది కాబట్టి అన్నీ అనుకోగలిగాం. చివరికి ఆయన నన్ను అడిగాడు, "నువ్వేమంటావు? మీ ఊరి మనిషి కదా."

"వాళ్ళు వచ్చింది డబ్బు కోసం కాదు," అన్నాను. "ఆవిడ అరుగు మీద కనబడలేదని వచ్చారు."

మేనేజరు కప్పు కింద పెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తర్వాత నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి తాడు పట్టుకుని లాగాడు. తెర చప్పుడు చేస్తూ పైకి పోయింది. ఎండ ఒక్కసారిగా లోపలికొచ్చింది. క్యూలో ఉన్న మొహాలన్నీ మమ్మల్ని చూశాయి, మేం వాళ్ళని చూశాం. తలుపు రెండు రెక్కలూ తెరిచి ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, పిచ్ మీద నిలబడ్డట్టు.

ఆంటీ నా కౌంటర్‌కి వచ్చేసరికి పదకొండు అయింది. రాత్రంతా డ్యూటీ చేసి, నేరుగా వచ్చి క్యూలో నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ ఖాతాలో పద్నాలుగు వేల ఆరు వందలు. గిరావీన్‌లో ఒక చిన్న రేకుల ఇల్లు బేరం కుదిరింది, మూడు వారాల్లో తన వాటాగా ఆ డబ్బు కట్టాలి, మిగతాది అప్పు. కట్టకపోతే ఇల్లూ పోతుంది, అడ్వాన్సూ పోతుంది.

"తియ్యనా అమ్మాయ్, ఉంచనా?" అంది తెలుగులో, చాలా మెల్లగా.

పొద్దుటి నుంచి ఆ ప్రశ్నకే భయపడుతున్నాను. తియ్యండి అంటే నేను ఉద్యోగానికి ద్రోహం చేసినట్టు. ఉంచండి అంటే, రెండు గంటలకి వ్యాను రాకపోతే, ఆవిడ తలుపు నా వల్ల పోయినట్టు.

"నా డబ్బు కూడా ఇందులోనే ఉంది ఆంటీ. నేను తియ్యలేదు. అంతకు మించి నాకు తెలీదు."

"మాటివ్వు."

"ఇవ్వలేను ఆంటీ."

ఆవిడ నా మొహం చూసింది. కోపం రాలేదు. "అయితే ఇచ్చెయ్" అంది.

రెండు వేలు నగదు, మిగతాది చెక్కు అని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "చెక్కు ఎవరిది? మీదేగా. అనుమానం మీ మీదేగా. మళ్ళీ మీ కాగితమే ఇస్తే నాకేం లాభం?"

మేనేజరు నా వెనకకొచ్చి ఏమంటోందని అడిగాడు. అనువదించాను. ఆయన తల తిప్పి చూశాడు. కిటికీలోంచి క్యూ అంతా ఇటే చూస్తోంది.

"ఆవిడ చెప్పింది నిజమే," అన్నాడు. "మొత్తం ఇచ్చెయ్. అందరికీ కనబడేలా లెక్కపెట్టు."

వంద డాలర్ల నోట్లు, నూట నలభై ఆరు. నేను పైకే లెక్కపెట్టాను, తెలుగులో, నా అలవాటు ప్రకారం, తొందరపడకుండా. ఒకటి, రెండు, మూడు. క్యూలో ఒక్కరికీ ఆ భాష రాదు. అయినా అందరూ విన్నారు. ఎనభైల్లోకి వచ్చేసరికి బ్రాంచి నిశ్శబ్దమైపోయింది, గుడిలో పద్యం చదువుతున్నప్పుడు అయ్యే నిశ్శబ్దం లాంటిది. నూట నలభై ఆరు అనగానే ఆంటీ "ఆఁ" అంది, తన వంతు కూడా లెక్కపెట్టుకున్నట్టు. సొరుగులో ఇక మిగిలింది ఎంతో నేను చూడదలుచుకోలేదు.

ఆవిడ డబ్బు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటూ, అందులోంచి చుట్ట చుట్టిన పత్రిక ఒకటి తీసి నాకిచ్చింది. "నిన్నే వచ్చింది కట్ట."

"ఏం చేసిందాంటీ ఆవిడ?" నా నోట్లోంచి వచ్చేసింది.

"ఇప్పుడా అది? తర్వాత చదువుకో. వెనకాల జనం ఉన్నారు." గుమ్మం దాకా వెళ్ళి, వీధి చూసి ఆగిపోయింది. బ్యాగు గుండెలకి హత్తుకుంది. అంత డబ్బుతో స్టేషన్ దాకా ఒంటరిగా నడవాలి. వెనక్కొచ్చి కిటికీ కింద కుర్చీలో కూర్చుంది. "రెండు నిమిషాలు కూర్చుంటానమ్మాయ్."

రాత్రంతా నిలబడిన మనిషి. ఉత్తరపు ఎండ సరిగ్గా ఆ కుర్చీ మీద పడుతోంది. నేను తర్వాతి పాస్‌బుక్ అందుకుని తలెత్తేసరికి ఆంటీ నిద్రపోతోంది. తల కాస్త అద్దానికి ఆనింది. బ్యాగు ఒళ్ళో, దాని మీద రెండు చేతులు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చిన్నగా గురక.

ఆ నాలుగు గంటలని నేను ఇప్పటికీ కలలో చూస్తాను. వీధిలో పోయేవాళ్ళకి అద్దం వెనక నిద్రపోతున్న ఒక ఆడమనిషి కనబడుతోంది. వాళ్ళు ఆగి, చూసి, క్యూలో వాళ్ళని అడుగుతున్నారు. మొత్తం తీసుకుందట. మరి పోలేదేం? నిద్రపోతోంది. ఆ మాట క్యూ వెంబడి వెనక్కి పోవడం నాకు కనబడింది, గాలి పోయినప్పుడు గడ్డి వాలినట్టు. గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఆవిడకి మెలకువ వస్తుందని. ఒక పెద్దాయన పాస్‌బుక్ జేబులో పెట్టుకుని, రొట్టెల దుకాణంలోకి వెళ్ళి మీట్ పై ఒకటి కొనుక్కుని, తింటూ వెళ్ళిపోయాడు. క్యూ మాయమైపోయిందని రాస్తే అబద్ధం. తీసుకున్నవాళ్ళు తీసుకున్నారు. కానీ పెద్ద మొత్తాలవాళ్ళు రెండు వందలు, మూడు వందలు అడిగి, అవి చేతికి రాగానే చాలన్నారు. వ్యాను రెండు గంటలకి రాలేదు. మూడుంపావుకి వచ్చింది. అప్పటికి సొరుగులో ఇంకా నాలుగు వేల చిల్లర ఉంది, క్యూ లేదు.

ఆంటీ అప్పుడు లేచింది. కంగారుగా బ్యాగు తడుముకుంది. చుట్టూ చూసింది. "జనం ఏరి?"

"వెళ్ళిపోయారాంటీ."

"అందరికీ ఇచ్చారా?"

"అడిగినవాళ్ళకిచ్చాం."

ఆవిడ ఖాళీ వీధి వైపు ఒకసారి చూసింది. తర్వాత కౌంటర్ దగ్గరికొచ్చి బ్యాగు విప్పింది. "ఇంత డబ్బుతో ట్రైనెక్కితే నా గుండె ఆగిపోద్ది. వేసుకోండి మళ్ళీ. వంద మాత్రం ఉంచుకుంటా, టాక్సీకి. ఇవాళ నడవలేను."

నేను మళ్ళీ లెక్కపెట్టాను, నూట నలభై ఐదు. గ్రీకావిడ ఆవిడకి టీ ఇచ్చింది. మేనేజరు తన కారులో దింపుతానన్నాడు, దింపాడు కూడా. ఆంటీ ఆ వంద మళ్ళీ ఖాతాలో వెయ్యలేదు. మూడు వారాలకి రేకుల ఇల్లు ఆవిడదైంది.

సోమవారం టీ దగ్గర ఇద్దరూ నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. పత్రికలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నాకు కల్పించడం చేతకాదు. చీటీలావిడ గడియ తియ్యదు. తలుపు వెనకే కూలబడి ఏడుస్తుంది. సాయంత్రానికి, ఎప్పుడో ఓడెక్కి పోయి చచ్చిపోయాడనుకున్న తమ్ముడు డబ్బు పెట్టెతో దిగి అందరి బాకీలూ తీర్చేస్తాడు. శుభం.

గ్రీకావిడ కప్పులో మిగిలిన టీ సింకులో పారబోసింది. తర్వాత, "చెత్త" అంది.

"నేను చెప్పిందే జరిగింది," అన్నాడు మేనేజరు, ఏమాత్రం సంతోషం లేకుండా. "ఎవరు రాశారిది, మా హెడ్డాఫీసా?"

మా సొసైటీ ఆ తర్వాత రెండేళ్ళకి ఒక బ్యాంకులో కలిసిపోయింది. ఆ కిటికీ దగ్గర ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు. మీ కాలంలో క్యూ వీధిలో ఉండదు, ఫోన్లలో ఉంటుంది, ఎవరి మొహమూ ఎవరికీ కనబడదు. అలాంటప్పుడు అరుగు ఎక్కడ వెయ్యాలో నాకు తెలియదు. అది మీరే కనిపెట్టుకోవాలి. నాకు తెలిసిందల్లా, కథ తప్పుగా ముగిసినా అందులోంచి నేర్చుకున్నది తప్పు కానక్కర్లేదని.

ఆంటీ ఎనభై నాలుగేళ్ళు బతికింది, ఆ ఇంట్లోనే. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం చూడ్డానికి వెళితే, వీధి తలుపు బార్లా తీసి, గుమ్మానికెదురుగా కుర్చీలో ఎండకి కూర్చుని ఉంది. ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడడిగాను. ఆ రోజు కౌంటర్ దగ్గర, చీటీలావిడ ఏం చేసిందో మీకు తెలిసి కూడా నాకెందుకు చెప్పలేదాంటీ?

ఆవిడ కళ్ళు మూసుకునే నవ్వింది.

"చెప్తే నువ్వు కూడా తమ్ముడి కోసం ఎదురుచూస్తూ కూర్చునేదానివి" అంది.